కొవ్వొత్తి ఆరాకే నీళ్లెందుకు ఎక్కాయి

చిత్తూరు,
ఆదివారం

చిరంజీవి చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. పెరట్లో కరివేపాకు మళ్లీ చిగురేసింది. ఊరికే రాస్తున్నా, విషయమేమీ లేదు.

మొన్న పలమనేరు నుంచి మీ అత్త వచ్చింది. టీచర్ల ట్రైనింగులో నీతో ఎవరో గొడవపడ్డారట, టీచర్లకు శిక్షణిచ్చే ఆర్పీ పని వద్దంటున్నావట. అత్త మాటలు తెలిసినవే, నేను పట్టించుకోలేదు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైందని లెక్కపెడుతున్నది మీ అమ్మ, నేను కాదు.

'ప్రయోగాలు చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?' అన్నారట. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. నేనూ అట్లా అన్నవాణ్ణే.

ఎనిమిదో తరగతికి పాఠం చెబుతూ ఓసారి పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించా. నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. 'ఆక్సిజన్ అయిపోయింది, గాలిలో అది ఐదో వంతు, ఆ చోట్లోకి నీళ్లొచ్చాయి' అని బోర్డు మీద రాశా. ఏటా రాసేదే. చెరుకు గానుగ వాళ్ల పిల్లోడు లేచి, "మంట ఉన్నంతసేపూ నీళ్లు కదల్లేదు కదా సార్, ఆరాకే ఎందుకు సర్రున ఎక్కాయి?" అన్నాడు. కూర్చోరా అన్నాను.

ఆ రాత్రి మీ అమ్మ తిడుతున్నా వంటింట్లో ఒకటి, రెండు, మూడు కొవ్వొత్తులు పెట్టి చూశా. కొవ్వొత్తులు పెరిగేకొద్దీ నీళ్లు ఇంకా పైకి! గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే కదా? అసలు మంట ఆరేటప్పటికి అది చాలావరకు మిగిలే ఉంటుంది. వేడికి గాలి ఉబ్బి అంచు కింద నుంచి బుడగలుగా కొంత పోతుంది. ఆరాక మిగిలింది చల్లబడి తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. ఇంతే. ఈ ముక్క ఆ పిల్లోడి ముందు ఒప్పుకోడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సిలబస్ అనేది సాకమ్మా. జవాబు తెలియని ప్రశ్న వస్తుందేమోనని లోపల భయం. నువ్వు వాళ్లకు పాఠం చెప్పకు. గ్లాసు ముందుపెట్టి 'ఏమవుతుందో రాయండి' అని ఊరుకో. తప్పు రాసినవాళ్లను నలుగురిలో పేరుపెట్టి పిలవకు. నీకా అలవాటుంది, అమ్మమ్మ పోలిక. పరీక్ష సంగతీ ఉంది. మధ్యప్రదేశ్ హోషంగాబాద్‌లో 1972లో 16 బడుల్లో ప్రయోగాలతో సైన్సు చెప్పడం మొదలుపెట్టినవాళ్లు పుస్తకం తెరిచి పరీక్ష రాయనిచ్చారు, ప్రయోగానికీ మార్కులిచ్చారు. 2002లో ఆపేశారనుకో, అది వేరే సంగతి.

చూశావా, పాఠం చెప్పకు అంటూ నేనే మొదలుపెట్టా.

మంగళవారం చిన్నాయన తిరుపతి వస్తున్నాడు. ఉసిరికాయ పచ్చడి, రాగిపిండి, ఆరు గాజు గ్లాసులు, కొవ్వొత్తుల ప్యాకెట్టు పంపుతున్నా. గ్లాసులు పేపర్లో చుట్టా, మెల్లగా విప్పు. పచ్చడి డబ్బా అమ్మది, తిరిగి పంపు. రాత్రిళ్లు మజ్జిగతో సరిపెట్టకు.

ఆ పని వదిలావా లేదా అని నేనడగను. అమ్మకు చెబితే చాలు. ఆమె ఎట్లాగూ ఫోన్ స్పీకర్లో పెడుతుంది.

మీ నాన్న