మా అబ్బాయిని కాపాడిన వారందరికీ కృతజ్ఞతలు

విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతున్న మా చెల్లెలి కొడుకు హాస్టల్లో ఉన్నట్టుండి తల పగిలిపోతోందంటూ వాంతులు చేసుకుని, ఎడమ చెయ్యి పట్టు తప్పి కుప్పకూలిన నాటి నుంచి మాకు అండగా నిలిచిన వారందరికీ కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ముందుగా హాస్టల్ వార్డెన్ గారికి. ఎండదెబ్బ అని కొందరు, గ్యాస్ అని కొందరు తలోమాట అంటున్నా, ఆయన మజ్జిగ తాగించబోయిన వాళ్లను వారించి, 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లారు. మెదడు కుడివైపు ముందు భాగంలో రక్తపు గడ్డ ఉన్నట్టు అక్కడే తేలింది.

న్యూరోసర్జన్ గారి రుణం తీర్చుకోలేనిది. బీపీ లేని కుర్రవాడికి మెదడులో ఊరికే రక్తస్రావం కాదని, పుట్టుకతో వచ్చిన రక్తనాళాల లోపం ఉండవచ్చని ఆయన మొదటి రోజే చెప్పారు. ధమనిలోని రక్తం సన్నని కేశనాళికల గుండా నెమ్మదించి సిరలోకి చేరాలి. ఏవీఎం అనే ఈ లోపంలో ఆ కేశనాళికలు ఉండవు కనుక, ధమని ఒత్తిడంతా నేరుగా సిరల మీద పడి, ఆ నాళాల చిక్కుముడి ఎక్కడో ఒకచోట చిట్లే ప్రమాదం ఉంటుంది. అయితే రక్తనాళాలను చూపే పరీక్ష, అదే యాంజియోగ్రామ్, మొదటిసారి తీసినప్పుడు ఏమీ కనిపించలేదు. మేము గండం గడిచిందనుకుని దుర్గమ్మకు మొక్కు కూడా చెల్లించేశాం. డాక్టర్ గారు మాత్రం, గడ్డ ఒత్తిడికి చిన్న ముడి అణిగిపోయి కనిపించకపోవచ్చని, అది కరిగాక మళ్లీ తీయాల్సిందేనని పట్టుబట్టారు. ఖర్చు గురించి మావాళ్లు గొణిగితే కసురుకోకుండా, మందుల చీటీ వెనక బొమ్మ గీసి వివరించారు. రెండోసారి తొడ దగ్గరి ధమనిలోంచి గొట్టం పంపి తీసినప్పుడు ముడి దొరికింది.

కోత లేకుండా రేడియేషన్ కిరణాలతో చేసే గామా నైఫ్ చికిత్స అయితే ఆ ముడి పూర్తిగా మూసుకుపోవడానికి రెండు మూడేళ్లు పట్టవచ్చని, ఆలోగా మళ్లీ చిట్లే ప్రమాదం ఉంటుందని, చిన్నదై పైపైనే ఉంది కాబట్టి ఆపరేషనే మేలని చెప్పి, ఆ ముడిని తొలగించారు. ఆ తరువాతి యాంజియోగ్రామ్‌లో ఏమీ మిగల్లేదని తెలిసింది. ఈసారి ఆయనే నవ్వుతూ వచ్చి చెప్పారు.

మత్తు డాక్టర్లకు, రాత్రంతా కంటిపాపలు చూస్తూ, పేరు పెట్టి పిలుస్తూ కనిపెట్టుకున్న ఐసీయూ సిస్టర్లకు, ఎడమ చేతికి ఓపికగా కసరత్తు చేయించిన ఫిజియోథెరపిస్టుకు, గుంటూరు నుంచి క్యారేజీలు మోసిన మా బ్రాడీపేట ఇరుగుపొరుగుకు పేరుపేరునా ధన్యవాదాలు. అబ్బాయి ఫిట్స్ మాత్రలు ఇంకా వాడుతున్నాడు. బండి తాళాలు ఇవ్వడం లేదని మా మీద అలిగాడు కూడా. రక్తం ఇచ్చి, నంబరైనా చెప్పకుండా వెళ్లిపోయిన కాలేజీ పిల్లలు ఇది చూస్తే దయచేసి కబురు చేయండి, మా చెల్లెలు మిమ్మల్ని భోజనానికి పిలవాలనుకుంటోంది.