సందర్శకుల లెక్క సరే, పని పూర్తయినవారి లెక్క ఏది?

సంపాదకుల వారికి,

ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లు చాలావాటి అడుగున ‘సందర్శకుల సంఖ్య’ అంటూ ఒక అంకె కనిపిస్తుంది. వెబ్ అనలిటిక్స్‌లో, అంటే వెబ్‌సైట్లకు వచ్చినవారు అక్కడ ఏం చేస్తున్నారో లెక్కగట్టే పనిలో, ఉద్యోగం చేస్తున్న నాకు ఆ అంకె వల్ల ఎవరికి ఉపయోగమో ఇప్పటికీ బోధపడలేదు.

అలాంటి కౌంటర్లు సాధారణంగా పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కిస్తాయి. దరఖాస్తు మధ్యలో ఆగిపోయి విసుగ్గా రీలోడ్ కొట్టిన ప్రతిసారీ అంకె పెరుగుతుంది గనుక, సైట్ ఎంత మొరాయిస్తే ఆదరణ అంత బాగున్నట్టు కనబడుతుంది! మేం వాడే గూగుల్ అనలిటిక్స్ వంటివి ఇంతకంటే నయమే గానీ, లాగిన్ వివరంతో ముడిపెట్టకపోతే అవి ప్రధానంగా బ్రౌజర్‌లో దాచి ఉంచే కుకీ అనే చిన్న గుర్తును బట్టే మనిషిని గుర్తిస్తాయి. అందువల్ల ఫోన్‌లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి చూసిన ఉద్యోగి ఇద్దరుగా నమోదు కావచ్చు. మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌లో ఒకే కంప్యూటర్ మీద దరఖాస్తులు పెట్టించుకున్న పాతికమంది రైతులు ఒక్కరుగా నమోదు కావచ్చు. ఈ లెక్కను నమ్ముకుని ఏ ప్రాంతంలో గిరాకీ ఎంతుందో తేల్చబోతే పల్లెలకే అన్యాయం జరుగుతుంది.

ప్రైవేటు కంపెనీల్లో, కొనబోయినవారు చెల్లింపు పేజీ దగ్గర వెనుదిరిగితే మర్నాటికల్లా మేం జవాబు చెప్పుకోవాలి. ధ్రువపత్రం కోసం వచ్చిన పౌరుడు వెనుదిరిగితే మాత్రం ఎవరికీ తెలియదు. ఆధార్, ఓటీపీ, ఫొటో అప్‌లోడ్, రుసుము అనే నాలుగు దశలకూ ఒక్కో ఈవెంట్ (ఆ దశకు చేరగానే నమోదయ్యే గుర్తు) పెట్టి, ఏ దశలో ఎంతమంది జారిపోతున్నారో చూస్తే చాలు. ఓటీపీ వచ్చేలోపే సైట్ ఇచ్చిన గడువు (సెషన్) ముగిసిపోతోందా, ఫొటో కొన్ని కేబీలు ఎక్కువైందని సైట్ తిప్పికొడుతోందా, ఆ మాటైనా తెలుగులో చెబుతోందా అన్నది కొద్ది రోజుల్లోనే తేలుతుంది. ఇందుకోసం పేరు, ఆధార్ నంబరు అనలిటిక్స్‌లోకి పంపనక్కర్లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా పంపకపోవడమే మేలు.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2015 నుంచి తన వెబ్‌సైట్ల రద్దీ వివరాలను అందరికీ కనిపించేలా ఉంచుతోంది. బ్రిటన్ అయితే, మొదలుపెట్టినవారిలో ఎందరు పూర్తి చేయగలిగారన్నది ప్రభుత్వ సేవలు కొలవాల్సిన ప్రధానాంశాల్లో చేర్చింది. మన దగ్గర 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచిదే, కానీ అక్కడ వచ్చిన మెసేజీలను లెక్కపెట్టి సంతోషిస్తే పాత కౌంటరే కొత్త చోటికి చేరినట్టవుతుంది.

ఉభయ రాష్ట్రాల ఐటీ శాఖలు ప్రతి సేవకూ మొదలైన, పూర్తయిన దరఖాస్తుల సంఖ్యను, ఎక్కువమంది ఆగిపోయిన దశతో సహా నెలనెలా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కాలేజీ అడ్మిషన్ల రద్దీ మొదలయ్యేలోపే కుల, ఆదాయ ధ్రువపత్రాలతో ఈ పని ప్రారంభిస్తే బాగుంటుంది.

భవదీయుడు,
ఒక వెబ్ అనలిస్ట్,
హైదరాబాద్