అప్పుడు నువ్వన్న మాట

రాంనగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

బిడ్డా,

నాన్న రాత్రి పన్నెండు దాకా లైటు ఆర్పడం లేదని, మళ్లీ రంగులు కొన్నాడని మొన్న మీ అమ్మ ఫోన్‌లో నీకు చెప్పింది. "ఏం నాన్నా, పెద్ద పనేమైనా వచ్చిందా?" అని అడిగావు. పని కాదమ్మా అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. ఫోన్‌లో చెప్పగలిగింది కాదు, అందుకే రాస్తున్నా. పైగా నీకు పదేళ్లుగా బాకీ ఉన్న మాట ఒకటి ఇందులోనే చెప్పాలి.

2023 మార్చిలో, ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన వారం. విద్యానగర్‌లో ఒక స్కూలు గోడకు అక్షరమాల రాస్తున్నా. మధ్యాహ్నం చాయ్ తాగడానికి పోతే, హోటల్లో కప్పులు అందించే పిల్లగాడు ఫోన్ చూపించి "పెయింటర్ సాబ్, ఇది చూడు" అన్నాడు. ‘ఆర్ఆర్ఆర్’లో బ్రిడ్జి కింద రాముడు, భీముడు తాళ్లకు వేలాడుతూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారే, ఆ సీను. ఎవరో చేత్తో గీశారు. కాగితం గరుకు కనిపిస్తోంది. ఒక చేతి వేళ్లు రెండో చేతి మణికట్టులోకి దిగబడితే, ఆ ఒత్తిడికి చర్మం పక్కకు జరిగి చిన్న మడత పడింది. ఆ మడత కింద నీడ నలుపు వేయలేదు. నీలం వేశారు.

బిడ్డా, నీడకు నలుపు వేస్తే మొహం చచ్చిపోతుంది, నీలమో ఆకుపచ్చో వెయ్యి అని మా ఉస్తాద్ నా నెత్తిన కొట్టి నేర్పాడు. మా వాళ్లలోనే ఎవరో మళ్లీ బ్రష్ పట్టారు అనుకున్నా. గుండె ఆగినంత పనయింది. కింద సంతకం చూస్తే జపాన్ లిపి. పిల్లగాడు అనువాదం నొక్కాడు. గీసింది ఒక ఆడమనిషి, ఆఫీసులో ఉద్యోగం, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ సినిమా ఎన్నోసారి చూసిందో లెక్క రాసుకుంటోంది. బొమ్మ పక్కన పెట్టిన గుర్తు మాటను పిల్లగాడు పైకి చదివాడు: "ఫ్యాన్ ఆర్ట్."

ఆ మాట నేను అంతకుముందు ఒక్కసారే విన్నా, నీ నోటి నుంచి.

ఆ సంగతికి వచ్చేముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. నువ్వు పుట్టి బుద్ధి తెలిసేసరికే అది పోయింది. నేను 1983లో ఉస్తాద్ దగ్గర చేరాను, అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా మారితే బ్యానర్ మారాలి. సుదర్శన్, దేవి, సంధ్య, అన్నీ పక్కపక్కనే. కంపెనీ నుంచి ఫోటో స్టిల్ వస్తుంది. దాని మీద అర అంగుళం గళ్లు గీస్తాం. గుడ్డకు జిగురు, జింక్ పొడి పూసి ఆరబెట్టి, సుద్ద అద్దిన దారం లాగి కొడితే అడుగు గళ్లు పడతాయి. 8 అంగుళాలకు 10 అంగుళాల స్టిల్ గుడ్డ మీద 16 అడుగులకు 20 అడుగులు అవుతుంది. ఒక్క కన్నే నా అంత ఉండేది. దగ్గరున్నప్పుడు ఏం వేస్తున్నామో మనకే తెలియదు, రంగు మచ్చలే. ఉస్తాద్ రోడ్డుకు అవతల నిలబడి అరుస్తుంటాడు, ఎడమ కనుబొమ్మ కిందికి దించు అని.

గురువారం రాత్రి మాత్రం చూడాల్సింది. బ్యానర్ కట్టేదాకా అభిమానులు కిందే కాపు కాసేవాళ్లు. ఇద్దరు హీరోల సినిమా అయితే మాకు టెన్షన్. ఒకరి మొహం రెండంగుళాలు పెద్దదైనా గొడవే. ఉస్తాద్ టేపు పెట్టి కొలిచి చూపించేవాడు. వాళ్ల కోపం నాకెప్పుడూ తప్పనిపించలేదు. వాళ్లు ప్రేమించింది ఆ మొహాన్ని, ఆ మొహం నా చేతిలో ఉంది. మరుసటి వారం అదే గుడ్డకు మళ్లీ తెల్ల పూత పూసి ఇంకో సినిమా. నేను వేసిన మొహాల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. పేరు రాసుకునే ఆచారమూ లేదు, బ్యానర్ కింద మూల ఉస్తాద్ పేరే ఉండేది. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. మాకు నాలుగు రోజులు పట్టే పనిని మిషన్ పూట గడవకముందే ఇచ్చేసింది. 2004 తర్వాత నేను మొహం గీయలేదు. షట్టర్ల మీద పేర్లు, స్కూలు గోడలు, అంతే.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు ఇంటర్ ఫస్టియర్. ఆ మార్కులొచ్చిన సాయంత్రం నీ బ్యాగులో వంద పేజీల డ్రాయింగ్ నోట్‌బుక్ దొరికింది. నుదుటికి పట్టీ కట్టుకున్న జపాన్ కార్టూన్ పిల్లగాడు, పేజీ పేజీకీ వాడే. "కాపీ కొట్టి కొట్టి ఏం సాధిస్తావు?" అన్నాను. నువ్వు ఏడవలేదు. "కాపీ కాదు నాన్నా, ఫ్యాన్ ఆర్ట్. వాణ్ని ప్రేమించేవాళ్లు ప్రపంచంలో ఎంతమంది గీస్తారో తెలుసా? నా బొమ్మ కూడా వాళ్లు చూశారు" అన్నావు. నేను వినలేదు. నోట్‌బుక్ లాక్కున్నాను. ఇరవయ్యేళ్లు స్టిల్ చూసి గీసి ఇల్లు నడిపినవాణ్ని, కాపీ అని నీ మొహాన అన్నాను. ఆ తర్వాత నువ్వు నా ముందు పెన్సిల్ పట్టుకోలేదు. ఇంజనీరింగ్ చదివావు, పుణె పోయావు, బాగున్నావు. కానీ ఇంట్లో బొమ్మలు గీసే ఇంకో మనిషి ఉండాల్సింది, నేనే పోగొట్టుకున్నా. తప్పు చేశాను బిడ్డా. భయంతో చేశాను. బొమ్మలు గీసే బతుకు ఎట్లా కూలిపోతుందో కళ్లారా చూసినవాడి భయం అది. అయినా తప్పు తప్పే.

ఆ చాయ్ హోటల్ తర్వాత రోజూ రాత్రి ఫోన్‌లో ఆ జపాన్ అభిమానుల బొమ్మలే వెతికేవాణ్ని. ఒకరి నుంచి ఒకరికి దారి పట్టుకుని పోతే, లోపల ఒక పెద్ద బస్తీయే ఉంది. ‘ఆర్ఆర్ఆర్’ జపాన్‌లో 2022 అక్టోబర్ 21న విడుదలైంది. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన భారతీయ సినిమా అంతకుముందు రజనీకాంత్ ‘ముత్తు’. 1998 నుంచి నిలిచిన ఆ రికార్డును మన సినిమా దాటింది. ‘బాహుబలి’ రెండో భాగానికి అక్కడ థియేటర్లలో కేకలు వేస్తూ, వేషాలు వేసుకుని చూసే ప్రత్యేక ఆటలు నడిచాయి. 2024 జనవరిలో తకరజుకా అనే నాటక సంస్థ ‘ఆర్ఆర్ఆర్’ను రంగస్థలం మీద ఆడింది. ఆ సంస్థలో నటులంతా ఆడవాళ్లే, భీముడూ రాముడూ కూడా. మీ అమ్మకు ఫోటోలు చూపిస్తే మీసాలు ఎంత బాగా కుదిరాయో అని మురిసిపోయింది.

జపాన్ వాళ్లకు ఈ ఫ్యాన్ ఆర్ట్ కొత్త కాదట. ఇష్టమైన కథల మీద సొంత ఖర్చుతో చిన్న పుస్తకాలు వేసుకుంటారు, దోజిన్షి అంటారు. అవి అమ్ముకునే సంతకు కామిక్ మార్కెట్ అని పేరు, టోక్యోలో 1975 డిసెంబర్‌లో మొదలైంది. నేను ఉస్తాద్ దగ్గర చేరడానికి ఎనిమిదేళ్ల ముందు! బొమ్మలు పెట్టుకోవడానికి పిక్సివ్ అని వాళ్లకొక చోటు ఉంది, అది 2007 నుంచి. నువ్వు మీ క్లాసు పిల్లల మధ్య ఒంటరిగా ఏదో పిచ్చి పని చేస్తున్నావనుకున్నా. నీ వెనక ఇంత పెద్ద ఊరు ఉందని నాకు తెలియదు.

అక్కడి పద్ధతులు నాకు బాగా నచ్చాయి. ఎవరి బొమ్మనైనా అడగకుండా ఎత్తి ఇంకోచోట పెట్టకూడదు. గీసినవాళ్ల పేరు చెరపకూడదు. పేరు లేకుండా ఇరవయ్యేళ్లు గీసినవాడికి ఆ రెండో మాట ఎట్లా తాకుతుందో నువ్వే ఊహించుకో. ఇంకోటి, గంట బొమ్మ. వారంలో ఒక రాత్రి ఒక విషయం ఇస్తారు, వాన అనో, భోజనం అనో. సరిగ్గా ఒక గంటలో ఎవరికి వాళ్లు గీసి పెట్టాలి. జపాన్‌లో రాత్రి పది అంటే మనకు సాయంత్రం ఆరున్నర. మొదటిసారి నేను స్కూలు గోడ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వెనక అరుగు మీద కూర్చున్నా. విషయం: నీళ్లు. బ్రష్ పట్టాక పది నిమిషాలు చెయ్యి కదల్లేదు. తర్వాత భీముడి చెంప మీద నీలం పడింది. ఆ ఒక్క మచ్చ పడ్డాక గంట ఎట్లా పోయిందో తెలియదు. మీ అమ్మ వచ్చి నిలబడింది కూడా చూడలేదు.

ఆ బొమ్మ పెడుతూ, నేను హైదరాబాద్‌లో సినిమా బ్యానర్లు గీసేవాణ్నని ఒక వాక్యం రాశాను. తెల్లవారేసరికి వందల మంది. గళ్లు ఎట్లా కొడతారు, అంత పెద్ద కన్ను సమంగా ఎట్లా వస్తుంది, పాత బ్యానర్ల ఫోటోలు ఉన్నాయా అని అడిగారు. ఫోటోలు లేవమ్మా, పూత మీద పూత పూసేశాం అని జవాబిచ్చాను. ఆ మొదటి బొమ్మ గీసిన ఆమె, బ్రిడ్జి కింద చేతుల బొమ్మ ఆమె, ఒకే మాట రాసింది: అయితే మళ్లీ గీయండి, ఈసారి మేం దాచుకుంటాం అని. అది చదివి నేను చాలాసేపు బయట తిరిగి వచ్చాను.

వాళ్ల బొమ్మల్లో ఇంకో విషయం గమనించా. ఇద్దరు హీరోలూ సమానంగా ఉంటారు. టేపు పెట్టి కొలిచిన సమానం కాదు, స్నేహితులు పక్కపక్కన నిలబడితే ఉండే సమానం. క్రాస్ రోడ్స్‌లో కొట్టుకున్న మన పిల్లలకు ఈ బొమ్మలు చూపించాలని ఎంత అనిపించిందో.

వాళ్లలో ఒకరు అడిగారు, నిజం భీముడూ నిజం రామరాజూ ఎప్పుడైనా కలిశారా అని. కలవలేదు అని చెప్పాను. అల్లూరిని 1924 మేలో కాల్చి చంపారు, కొమురం భీం 1940 అక్టోబర్‌లో జోడేఘాట్ దగ్గర నైజాం పోలీసుల తుపాకులకు పడిపోయాడు. కలిసి ఉంటే ఎట్లా ఉండేదో అన్న ఊహే సినిమా. రాసి పంపాక నాకే తట్టింది, ఆ సినిమా కూడా ఈ అభిమానులు చేసే పనే చేసింది కదా! పదో తరగతి తెలుగు సార్ చెప్పింది గుర్తొచ్చింది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్యలో మిగిలినదాన్ని ఎర్రన పూరించాడు, అదీ నన్నయే రాస్తున్నట్టుగా, ఆయన రాజుకే అంకితమిస్తూ. ఒకరు ప్రేమించిన కథను ఇంకొకరు అందుకోవడం మనకు వెయ్యేళ్ల నాటి పని. నేను దాన్ని కాపీ అన్నాను.

ట్యాంక్‌బండ్ మీద ఇద్దరి విగ్రహాలూ ఉన్నాయి తెలుసా? అల్లూరిది ఎన్టీఆర్ పెట్టించిన వాటిలో ఒకటి, కొమురం భీంది 2012లో వచ్చింది. పోయిన ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పోయి, ఒక్కొక్కరి ముందూ గంట కూర్చుని గీశాను. భీం భుజం మీద పావురం వాలి, నేను గీస్తున్నంతసేపూ కదల్లేదు. దాన్నీ వేశాను. రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి పంపాను. కింద మూల సంతకం నాది, తెలుగులో.

బిడ్డా, నీ నోట్‌బుక్ నేను పారేయలేదు. బీరువా మీద, పెళ్లి పత్రికల డబ్బాలో ఉంది. మొన్న దించి మొదటి నుంచి చూశాను. ఇరవయ్యో పేజీ దాకా కళ్లు రెండూ ఒకే సైజులో రావు. తర్వాత వస్తాయి. ముప్పై నాలుగో పేజీలో వాడు పరిగెత్తుతుంటే వెనక కాలి మడమ మీద వెలుగు పడింది, అది చూసి నేర్చుకునేది కాదు, నీకే తట్టి ఉండాలి. నాకైతే ఆ వెలుగు వేయడానికి ఉస్తాద్ దగ్గర మూడేళ్లు పట్టింది. అప్పుడు అక్కడ ఏ పేరుతో గీసేదానివో చెప్తావా? ఆ బొమ్మలు ఇంకా ఎక్కడైనా ఉంటే చూడాలని ఉంది.

దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో. చివరి పేజీలో బొమ్మ పూర్తి కాలేదు. మొహం అయింది, జుట్టు అయింది, నుదుటి పట్టీ మీది గుర్తు సగం దాకా వచ్చి ఆగింది. నేను లాక్కున్న రోజు గీస్తున్నదే అయి ఉంటుంది. దాని మీద నేను చెయ్యి పెట్టలేదు.

నీ నాన్న