పుట్టిన తేదీ ఒక్కటే చూసి టీకా తేదీ చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మా పాప 2025 మార్చి 6న హిందూపురంలో పుట్టింది. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్లాను. బీసీజీ, పోలియో జీరో డోసు, పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బీ అన్నీ అక్కడే అయ్యాయి, ఏప్రిల్ 17న ఆరు వారాల టీకాలు కూడా అక్కడే వేయించాం. పది వారాలవి మే 15న పడాలి, కానీ ఆ వారం పాపకి జలుబు చేసిందని మా అమ్మ ఒప్పుకోలేదు (మామూలు జలుబుకి టీకా ఆపనక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది). ఇంతలో ఐదో నెల రావడంతో పాపనెత్తుకుని బెంగళూరు వచ్చేశాను.

ఇక్కడ మా ఇంటి దగ్గర ఒక ప్రైవేటు క్లినిక్‌లో జూలై 10న రెండో డోసులు వేయించాం. తర్వాత రిసెప్షన్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో పాప పుట్టిన తేదీ కొట్టింది, స్క్రీన్ అంతా ఎర్రగా అయిపోయింది. "పద్నాలుగు వారాలవి కూడా లేటయ్యాయి మేడమ్, 24న వచ్చేయండి" అని స్లిప్పు రాసిచ్చింది. ఆ రాత్రే ఫోన్‌కి మెసేజ్, మీ బిడ్డ టీకా గడువు దాటిపోయిందని. ఆ రెండు వారాలు నేను పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు, ఆ జలుబు రోజు అమ్మ మాట ఎందుకు విన్నానా అని ఒకటే ఏడుపు.

24న వెళ్తే సూది వేసే పెద్ద నర్సమ్మ ముందు కార్డు చూపించమంది. మా కార్డు తెలుగులో ఉంది, ఆమెకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు, అయినా తేదీలు చదవడానికి భాషతో పనేముంది. జూలై 10 మీద వేలు పెట్టి, గోడ మీద క్యాలెండర్‌లో నాలుగు గురువారాలు లెక్కపెట్టి, "ఆగస్టు 7న రామ్మా, ఇప్పుడు వేస్తే ఇది లెక్కలోకి రాదు" అంది.

విషయం ఇదీ. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే వాటిలో పెంటావాలెంట్ (పెంటా) అని ఐదు జబ్బులకి కలిపి వేసే సూది ఉంది, దాంట్లో ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయాల్సిన పని లేదు, ఆగిన చోట నుంచి కొనసాగిస్తే చాలు, కానీ బాగా ముందుగా వేసేస్తే ఆ డోసు చెల్లక మళ్లీ పొడవాల్సి వస్తుంది. ఆ కంప్యూటర్ భయపెట్టాల్సిన చోట ఊరుకుని, భయం లేని చోట ఎర్ర రంగు చూపించింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పుట్టిన తేదీకి వారాలు కూడుకుంటూ పోయే ప్రోగ్రామ్ ఒక పూటలో రాసేయొచ్చు, టైముకి టీకాలు పడిన పిల్లలకి అది సరిపోతుంది కూడా, కానీ వాళ్లకి కార్డు చాలు కదా, కంప్యూటర్ సాయం కావాల్సింది తప్పిపోయిన పిల్లలకే. వాళ్ల లెక్క వేరు. పెంటా ఒక్కటీ పడకుండానే ఏడాది దాటిన బిడ్డకి మన ప్రభుత్వ షెడ్యూలులో దాని బదులు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసేది) వేస్తారు, ఏడాది దాటాక రోటా (వైరస్ వల్ల వచ్చే విరేచనాలకి వేసే చుక్కల మందు) కొత్తగా మొదలుపెట్టరు. ఆ రోటాలో కూడా రోటావ్యాక్ అయితే మూడు డోసులు, రోటారిక్స్ అయితే రెండు. మా కార్డులో "రోటా" అని మాత్రమే ఉంది, ఏ కంపెనీదో ఎవరూ రాయలేదు, క్లినిక్ కంప్యూటర్‌లో దాన్ని అడిగే గడి కూడా లేదు!

మన వాళ్లలో పుట్టింట్లో కాన్పు, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి రావడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఇక మేస్త్రీ పనులకి పిల్లల్ని వెంటేసుకుని అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సగం టీకాలు ఆంధ్రాలో, సగం కర్ణాటకలో. ఎక్కడ వేయించుకున్నా రికార్డు ఒక్కచోటే ఉండాలని కేంద్ర ప్రభుత్వం వాళ్లు యూ-విన్ అనే ఆన్‌లైన్ టీకా రికార్డు పెట్టారు, 2024 అక్టోబరులో దేశమంతటికీ తెచ్చారు, చాలా మంచి పని. ప్రైవేటులో పడిన డోసులు కూడా తేదీ, కంపెనీ పేరుతో సహా అందులోకి ఎక్కాలి, తర్వాతి తేదీ చెప్పేటప్పుడు "రెండో డోసు జూలై 10న పడింది, 28 రోజులు నిండాలి, అందుకే ఆగస్టు 7" అని కారణం కూడా తల్లి భాషలో చూపించాలి. కారణం కనిపిస్తే తప్పుంటే నర్సు పట్టేస్తుంది, లేకపోతే కంప్యూటర్ చెప్పిందే వేదం అవుతుంది.

అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఈ లెక్కల నియమాలన్నీ, సరిచూసుకోవడానికి టెస్ట్ కేసులతో (ఈ తేదీలిస్తే ఈ జవాబు రావాలి అనే నమూనా లెక్కలతో) సహా, ఎవరైనా వాడుకునేలా బయట పెట్టింది. అది వాళ్ల షెడ్యూలు, అందులో మన బీసీజీ లేదు, పోలియో చుక్కలు లేవు, తెచ్చి అలాగే పెట్టుకుంటే కుదరదు. మన షెడ్యూలుకి కూడా అలాంటి పరీక్షలు రాయించి, టీకా తేదీలు చెప్పే ప్రతి క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కీ, ప్రతి యాప్‌కీ అవి పాసవ్వాలని ఆరోగ్య శాఖ షరతు పెట్టాలి. మొదటి పరీక్షకి మా పాప తేదీలు తీసుకోండి: పుట్టింది మార్చి 6, మొదటి పెంటా ఏప్రిల్ 17, రెండోది జూలై 10. జవాబు ఆగస్టు 7 అని రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు