డొరతీ వాన్ పేరు నేనెందుకు చెప్పాను

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. ఫిబ్రవరి ఇక్కడ అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసం కనుక మా ఆఫీసులో అందరం కూర్చుని, ఒక్కొక్కరం మాకు స్ఫూర్తినిచ్చిన నల్లజాతి వ్యక్తి గురించి చెప్పుకున్నామని మొన్న ఫోనులో చెప్పాను కదా. "అంత పెద్ద పెద్ద పేర్లుండగా నువ్వు డొరతీ వాన్ పేరు ఎందుకు చెప్పావమ్మా?" అని అడిగావు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. పైగా నువ్వు మీ ఆఫీసు గురించి చెప్పిన మాట కూడా నా మనసులో మెదులుతూనే ఉంది.

డొరతీ వర్జీనియా రాష్ట్రంలోని ఫామ్‌విల్‌లో నల్లజాతి పిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మ. 1943లో హాంప్టన్‌లోని లాంగ్లీ విమాన పరిశోధనాలయంలో చేరారు. నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వేలమందితో రాజధానికి ఊరేగింపు తీస్తామని పట్టుబట్టడంతో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1941లో రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అటువంటి ఉద్యోగాలు నల్లజాతి స్త్రీలకు అందుబాటులోకి రావడానికి ఆ ఉత్తర్వే దారి వేసింది. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. విమాన పరీక్షల్లో వచ్చిన అంకెలను గంటల తరబడి లెక్కగట్టి ఇంజనీర్లకు అందించే స్త్రీలను ఆ పేరుతో పిలిచేవారు. నల్లజాతి స్త్రీలను వెస్ట్ ఏరియా అనే వేరే విభాగంలో కూర్చోబెట్టారు. భోజనశాలలో వారి బల్ల మీద 'కలర్డ్ కంప్యూటర్స్' అని రాసిన అట్ట ఒకటి పెట్టేవారు. మిరియమ్ మాన్ అనే ఉద్యోగిని ఆ అట్టను తీసి తన చేతిసంచిలో వేసుకునేవారు. కొత్తది వచ్చేది, ఆవిడ దాన్నీ తీసేసేవారు. చివరికి పెట్టేవాళ్లే మానుకున్నారు.

1949లో డొరతీ ఆ విభాగానికి అధిపతి అయ్యారు. ఆ సంస్థలో నల్లజాతి వ్యక్తికి పర్యవేక్షక పదవి దక్కడం అదే మొదటిసారి. తన విభాగంలోని వారి కోసమే కాక, ఇతర విభాగాల్లో పనిచేసే తెల్లజాతి స్త్రీలకు న్యాయంగా రావలసిన జీతాల పెంపు కోసం కూడా ఆవిడ పైవారితో మాట్లాడారు. 1953లో కేథరిన్ జాన్సన్ కొత్తగా చేరితే, రెండు వారాలకే ఆమెను విమాన పరిశోధన విభాగానికి పంపింది ఆవిడే. 1962లో అంతరిక్షంలోకి బయలుదేరే ముందు వ్యోమగామి జాన్ గ్లెన్, యంత్రం కట్టిన లెక్కను సరిచూడమని అడిగింది ఆ కేథరిన్‌నే.

ఇక నన్ను పట్టి ఆపిన సంగతి చెప్తాను. లాంగ్లీకి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చాయి. చేత్తో లెక్కలు కట్టేవారి అవసరం తగ్గిపోతుందని ఎవరికైనా అర్థమయ్యే రోజులవి. డొరతీ ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు, నేర్చుకుని తోటివారికి నేర్పారు. అప్పటికే ఆవిడ నలభై ఏళ్లు దాటిన మనిషి, ఆరుగురు పిల్లల తల్లి.

చిన్నీ, నేను అలా చేయలేదు. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో మా పాత సిస్టమ్ తీసేసి కొత్తది తెస్తున్నారని తెలిసినప్పుడు, రాత్రిళ్లు నిన్ను నిద్రపుచ్చాక కూర్చుని ఆ కొత్తదాన్ని నేర్చుకున్నాను. నీలం అట్ట నోట్‌బుక్ నిండా రాసుకున్నాను. ఆ నోట్‌బుక్‌ను ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేసుకునేదాన్ని. నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు ఆ మార్పు చూసి భయపడుతున్నారని తెలిసి కూడా అడిగినదానికి సగమే చెప్పాను. ఆరు నెలల్లో నాకు ప్రమోషన్ వచ్చింది, వాళ్లిద్దరూ ఉద్యోగాలు పోయి వెళ్లిపోయారు. నేను చెప్పి ఉంటే నిలబడేవారో లేదో తెలియదు కానీ, తాళం వేసిన చేయి మాత్రం నాదే. మొన్న అందరి ముందూ డొరతీ వాన్ గురించి చెప్తూ ఈ సంగతి కూడా చెప్పాను.

నేర్పినందుకు ఆవిడకు గొప్ప ప్రతిఫలం దక్కిందని అనుకోకు. 1958లో లాంగ్లీ కొత్తగా ఏర్పడిన నాసాలో భాగమై, వెస్ట్ ఏరియా మూతపడ్డాక, మళ్లీ అధికారి పదవి కోసం ఆవిడ ప్రయత్నించినా ఎన్నడూ ఇవ్వలేదు. 1971లో అలాగే పదవీ విరమణ చేశారు. ఈ అన్యాయాన్ని వదిలేసి ఆవిడ గురించి గొప్పగా మాట్లాడటం నాకు నచ్చదు.

ఇంకొక మాట కూడా నీకు తెలియాలి. 1965కి ముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే ఇక్కడ స్థిరపడే కోటా ఉండేది. పౌరహక్కుల ఉద్యమం జాతిభేదాన్ని తలదించుకునేలా చేసిన ఆ కాలంలోనే, జాతీయతను బట్టి కోటాలు పెట్టే పద్ధతిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది. మన తెలుగువాళ్ల ఇళ్లు ఇక్కడ ఇన్ని వెలిశాయంటే ఆ పోరాటం పుణ్యం అందులో ఉంది. మన విందుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, నాకు అది బాధగా ఉంటుంది.

మీ ఆఫీసులో కొత్త టూల్ నీకొక్కదానికే బాగా వచ్చిందనీ, మీ టీమ్‌లోని పెద్దావిడ మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఏం చేయాలో తోచడం లేదనీ అన్నావు. నీలం అట్ట నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. ఆదివారం ఫోను చేసినప్పుడు ఆవిడ ఎంతవరకు నేర్చుకున్నారో చెప్పు.

ప్రేమతో,
అమ్మ