మా నాయన కొండ పోయింది

కోవూరు
ఆదివారం పొద్దున

ఒరే దారితెలుసూ,

ముందే చెప్తా ఉండా, తిట్టబాక. సంక్రాంతికి రాస్తానన్నవాణ్ణి ఇప్పుడు కూర్చున్నా. ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. చెప్పొచ్చు, కానీ ఈ కవర్లో ఒక జెరాక్సు కాయితం ఉంది. అది బయటికి తీసి మంచం మీద పరిచి చూడు. మధ్యలో కొండ, కొండకి ఈశాన్యాన రాళ్ళు, చుట్టూ ఒడ్డు, మూలలో ఉత్తరం బాణం, కింద స్కేలు, దాని కింద మా నాయన సంతకం. ఏ ఊరిదో చెప్పు చూద్దాం. నువ్వు చెప్పలేవులే, పెన్నలో మోకాలిలోతేనని చెప్పి మమ్మల్ని దించిన మహానుభావుడివి. కానీ ఏ సర్వేయరొచ్చినా చెప్పలేడు. ఆ ఊరు భూమ్మీద లేదు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అందరం బాగుండాం. కోతలైపోయినాయి, రేటు మాత్రం అడగబాక. అమ్మకి షుగరు పర్వాలేదు. పెద్దోడు ఎనిమిదికొచ్చినాడు, మాట వినడు. చెల్లెలు వచ్చి పోయింది. అయిపోయినాయి.

నాయనకి మోకాలి ఆపరేషనైన సంగతి నీకు తెలుసు. సర్వేయరుగా భూములు కొలిచే గొలుసు పట్టుకొని ఉదయగిరి, కనిగిరి, కందుకూరు పక్కలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. ఇప్పుడు వరండా నుంచి గేటు దాకా, గేటు నుంచి వరండా దాకా. ఆ తర్వాత పేపర్లో తప్పులు పట్టడం. అది అయిపోతే అమ్మ వంటలో. "ఆయనకేదన్నా పని చూడరా, లేకపోతే నేనే యాడికన్నా పోతా" అనింది అమ్మ.

పిల్లోడికని ల్యాప్‌టాప్‌లో ఒక ఆట వేసి పెట్టుంటి. ప్రోటియస్ దాని పేరు. 2013లో వచ్చింది. ఎడ్ కీ, డేవిడ్ కనాగా అని ఇద్దరు చేసినారు, కనాగాది సంగీతం. దాంట్లో చంపేది లేదు, చచ్చేది లేదు, పాయింట్లు లేవు. నీళ్ళలో కళ్ళు తెరుస్తావు, ఎదురుగా మసకలో ఒక దీవి. నడుచుకుంటా పోవడమే పని. బొమ్మలు కూడా పెద్ద పెద్ద చుక్కలతో గీసినట్టుంటాయి, చెట్లేమో తిరణాల పీచుమిఠాయి రంగు. పిల్లోడు కాసేపు చూసి "తుపాకీ యాడుంది నాన్నా?" అన్నాడు. లేదన్నా. లేచి పోయినాడు.

వెనక మడతకుర్చీలో కూర్చున్న నాయన మాత్రం లేవలేదు. "ఆగు. ఆ కొండ మీదకి పో" అన్నాడు.

పోయినా. దీంట్లో చిత్రమేమిటంటే, యాడికి పోతే ఆడికి తగ్గట్టు సంగీతం మారుతుంది. చెట్ల మధ్యకి పోతే ఒక రకం, కొండెక్కితే ఇంకో రకం. కప్ప లాంటిదొకటి ఎగిరితే ఎగిరినప్పుడల్లా టింగుమంటుంది. నాయన దాన్ని వదల్లేదు. "దాని వెనకాల పో, ఇంకా పో" అని ఒడ్డు దాకా తరిమించినాడు. ఆ పెద్దమనిషి నవ్వడం నేను... సరే, అది తర్వాత.

కొండ దిగేతలికి నిలువు రాళ్ళు గుండ్రంగా పాతి కనపడినాయి. నాయన కుర్చీలో ముందుకి జరిగినాడు. "సర్వే రాళ్ళురా!" నేను కాదని చెప్పబోయినా. రాత్రయితే చిన్న చిన్న వెలుగులు ఆ రాళ్ళ చుట్టూ తిరుగుతాయి, వాటి మధ్యకి పోతే రోజులు గిర్రున తిరిగి వసంతం పోయి ఎండాకాలం వస్తుంది, ఆటలో అదొక్కటే దారి. ఎవరు వింటారు? "రాయి ఉందంటే హద్దు ఉన్నట్టే. ఎవుడిదో పట్టా ఉంటది" అన్నాడు.

ఇంక అక్కడి నుంచి చూడాలి నువ్వు. ల్యాప్‌టాప్ ఆయన ఒళ్ళోకి పోయింది. ముందుకి నడిపించే డబ్ల్యూ మీట ఎడమ చేత్తో నొక్కి పట్టుకోవడం, కుడి చేతి హెచ్‌ఎంటీ వాచీలో సెకన్లు లెక్కబెట్టడం. ఇన్ని సెకన్ల నడక ఒక గొలుసు అని ఆయనే ఖాయం చేసుకున్నాడు. గొలుసంటే 66 అడుగులు, 100 లింకులు, 10 చదరపు గొలుసులు ఒక ఎకరా. చిన్నప్పుడు నిన్నూ నన్నూ గోడకి నిలబెట్టి ఇది అప్పజెప్పించినాడు గుర్తుందా, నువ్వు 66 లింకులని చెప్పి జామకాయలు పోగొట్టుకున్నావు? ఆటలో పొద్దు పొడిచిన పక్క తూర్పు అనుకొని, పిల్లోడి డ్రాయింగ్ షీటు తీసుకొని, ఒడ్డెంబడి చుట్టూ తిరిగినాడు. అమ్మ అన్నానికి పిలిస్తే "ఒడ్డు కలవలేదు, కలిసినాక వస్తా" అంటాడు. ఆ కాయితమే ఇప్పుడు నీ మంచం మీదుండేది.

తెల్లారి కాఫీ కూడా తాగకుండా ల్యాప్‌టాప్ తెరిచినాడు. అంతే, వరండాలో కేక. "నా కొండ ఎవుడు తీసినాడు?"

పరిగెత్తుకుంటా పోయినా. షీటు ఒక చేతిలో, మౌసు ఇంకో చేతిలో. ఒడ్డు వేరే, చెట్లు వేరే, రాళ్ళు ఇంకోపక్క. పిల్లోడు ఏదో నొక్కినాడని వాడి చెవి పట్టుకున్నాడు కూడా. నాయనా, కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటరు కొత్త దీవి పుట్టిస్తాది అని చెప్తే, నా మొహం చూసినాడు. "అయితే నిన్న నేను కొలిచిందేంది?"

దానికి జవాబు చెప్పడానికి నాకు మధ్యాన్నం దాకా పట్టింది, ఆ మధ్యాన్నం గురించే ఇంత ఉత్తరం. కెన్ పెర్లిన్ అని ఒకాయన ఉండాడు. 1982లో వచ్చిన ట్రాన్ సినిమా బొమ్మలకి పనిచేసినాడు. కంప్యూటరు గీసినవన్నీ మరీ నున్నగా, యంత్రంలా ఉండాయని చిరాకుపడి, మరుసటేడు ఒక లెక్క కనిపెట్టినాడు. 1985లో అచ్చేసినాడు, 1997లో దానికి ఆస్కారు వాళ్ళు సాంకేతిక బహుమానం ఇచ్చినారు. ఇట్టాంటి నేలలు పుట్టించే ఆటలు శానా వాటికి అదే పునాది. గళ్ళ కాయితం మీద ప్రతి మూలకీ ఇష్టమొచ్చిన వాలు ఒకటి ఇస్తావు. మధ్యలో ఉండే చోట్ల ఎత్తు ఆ మూలల్ని బట్టి మెత్తగా కలుపుతావు. అదే లెక్క చిన్న గళ్ళతో, తక్కువ ఎత్తుతో మళ్ళా చేసి దాని మీద వేస్తావు, ఇంకా చిన్న గళ్ళతో మళ్ళా. పెద్దవి కొండలైతాయి, చిన్నవి మిట్టపల్లాలైతాయి.

నేనింకా సగంలో ఉండగానే నాయన "ఓస్, ఇంటర్‌పొలేషన్" అన్నాడు. "అక్కడక్కడా నేల ఎత్తు, అదే స్పాట్ లెవెళ్ళు, తీసుకొని మధ్యలో ఒకే ఎత్తుండే చోట్లని కలుపుతా కాంటూరు గీత గీయమా ఏంది? కాకపోతే మేం లెవెల్ చూసి రాస్తాం, వీడు కల్పించి రాస్తాడు." నాకు కాలేజీలో నాలుగేళ్ళు చెప్పినా ఎక్కలేదురా ఇది. ఆయనకి అరనిమిషం.

సీడ్ అనే నంబరు ఒకటుంటుంది, అదే నంబరిస్తే అదే నేల మళ్ళా పుడుతుంది, పటం దాచిపెట్టాల్సిన పని లేదు అని కూడా చెప్పినా. 1984లో ఎలైట్ అనే ఆట 8 గెలాక్సీల్ని, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాల్ని, 32 కేబీ మెమరీ ఉండే కంప్యూటర్లో ఇట్టానే ఇమిడ్చింది. నో మ్యాన్స్ స్కై అని 2016లో వచ్చినదాంట్లో 18 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని గ్రహాలు. "అన్నిటికీ సర్వేయర్లు ఎంతమంది?" అని అడిగినాడు. అది కూడా వేసి చూపించినా, నచ్చలేదు. నాకూ అంతే. ప్రశాంతంగా తిరగమని అరగంటకోసారి రాళ్ళు పగలగొట్టి సరుకు మోయమంటే ఎట్టా? ప్రోటియస్ వచ్చినప్పుడు ఇది ఆటే కాదు పొమ్మన్నవాళ్ళు ఉండారు. వాళ్ళు మా వరండాకి రావాలి.

కొండ పోయిన బాధ మాత్రం తీరలేదు. రెండో పూట అన్నం దగ్గర ఉన్నట్టుండి "పోనీలేరా" అన్నాడు. "కందుకూరు 1970లో నెల్లూరు నుంచి ఒంగోలు జిల్లాకి పోయింది. 2022లో మళ్ళా నెల్లూరుకొచ్చింది. నేను పాతిన రాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండాయి." అమ్మ పులుసు వడ్డిస్తా నావైపు చూసింది. అంతమాట ఆయన నోట్లోంచి ఎప్పుడూ... ఆ కొండలెంబడి ఎన్ని రాత్రులు పడుకున్నాడో, ఎవరు అన్నం పెట్టినారో, అవన్నీ ఆ రాత్రే చెప్పినాడు. ఎందుకో ఇన్నేళ్ళు మనం అడగలా.

ఇప్పుడు కొత్త దీవి నడుస్తా ఉంది. ఈసారి పోస్టుకార్డు తీయడం నేర్పించినా. ఆటలో ఒక ఫొటో తీస్తే ఆ ఫొటోలోనే దీవి మొత్తం దాక్కొని ఉంటుంది, దాన్ని తెరిస్తే మళ్ళా అదే దీవి. నాయన దాన్ని "ఆఫీసు కాపీ" అంటాడు.

నిన్న చలికాలం దాకా పోయినాం. మంచు, జంతువుల్లేవు, సంగీతం కూడా పలచబడిపోయింది. చివర్న కాళ్ళు నేల వదిలేసి మనిషి మెల్లిగా పైకి లేస్తాడు, కళ్ళు మూతలు పడతాయి, ఆట అయిపోతుంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది, ఆపరేషన్ గది బయట కూర్చున్న రోజు గుర్తొచ్చి. పక్కకి తిరిగి చూస్తే ఆయన ఎడాపెడా గీతలు గీస్తా ఉండాడు. "ఏరియల్ సర్వే ఇచ్చినాడు చూడు, ఇంకొంచెంసేపు ఆగుంటే పడమర హద్దు కూడా పడేది" అని విసుక్కున్నాడు.

ఇంకా శానా ఉంది, ఆ కప్ప సంగతి, అమ్మ ఆట మొదలుపెట్టిన సంగతి. బావమరిది కావలి పోతా గేటు కాడ హారను కొడతా ఉండాడు, ఈ కవరు వాడి చేతికే ఇయ్యాల. నువ్వొచ్చేటప్పుడు పెద్ద సైజు గ్రాఫు షీట్లు ఒక కట్ట పట్టుకురా, ఇక్కడ చిన్నవే దొరకతా ఉండాయి. మిల్లీమీటరు గళ్ళవే తేవాలని రెండుసార్లు చెప్పమన్నాడు. మిల్లీమీటరు గళ్ళవి.

నీ
గోపీ