కొండవీటి పాత దారిలో మమ్మల్ని మోసుకొచ్చిన వాళ్లకు

మా తమ్ముడి కాలికి వేసిన పిండికట్టు ఈ వారమే విప్పారు. ఎముక చక్కగా అతుక్కుందని డాక్టరు చెప్పారు. ఆ మాట వినేదాకా ఏమీ రాయకూడదని ఆగాను. ముందే ధన్యవాదాలు చెప్పేసి, తరువాత కాలు వంకరగా అతికిందంటే, కొండ మీద మొదటి కట్టు కట్టిన పెద్దాయనకు మాట వస్తుంది. ఇప్పుడు వాడు బ్రాడీపేటలోని మా ఇంటి మేడ మెట్లు చేతికర్ర లేకుండా ఎక్కి దిగుతున్నాడు కాబట్టి ధైర్యంగా చెప్పుకోవచ్చు.

కార్తీకంలో ఒక ఆదివారం కొండవీడు వెళ్లాం. నేను, తమ్ముడు, ఎన్టీఆర్ స్టేడియంలో మాతో పాటు పొద్దున నడిచే ఇద్దరు మిత్రులు. బండిలో ఘాట్ రోడ్డు మీదుగా పైకి చేరి, చెరువులు, మండపాలు చూసుకొని, దిగేటప్పుడు మాత్రం పాత కాలిదారిన నడుద్దామనుకున్నాం. బండిని కిందికి పంపేశాం. అద్దంకి నుంచి అనవోతారెడ్డి రాజధానిని ఇక్కడికి తెచ్చాడని, కుమారగిరి వసంతోత్సవాలు జరిపించాడని, పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి అని, 1515లో కృష్ణదేవరాయలు కోటను పట్టుకున్నాడని గుంటూరు బళ్లలో చదువుకున్న వాళ్లమే అందరమూ. ఆ పాఠాల్లో ఎక్కడా పులికంప అనే ముళ్లపొద ప్రస్తావన లేదు.

మొదట కొంత దూరం దారి బాగానే ఉంది. అంచులకు పేర్చిన రాళ్లు, అక్కడక్కడ మెట్లు, పక్కన కూలిన గోడ. ఆ తరువాత మనిషి ఎత్తు మించిన పులికంప రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలిసిపోయింది. రంగురంగుల గుత్తులతో చూడడానికి ముచ్చటగా ఉంటుంది కదా, అందుకే ఎప్పుడో తెల్లదొరల కాలంలో అమెరికా ఖండం నుంచి తోటల అలంకారానికి తెచ్చారు. దాని నల్లటి పండ్లను పిట్టలు తిని విత్తనాలను కొండంతా చల్లాయి. ఆకులో విషం ఉంటుంది కాబట్టి మేకలు ముట్టవు. కొట్టిన చోటే పది కొమ్మలు వేస్తుంది. రోడ్డు పడ్డాక ఈ దారిన నడిచే యాత్రికులు తగ్గారు, వంటగ్యాసు వచ్చాక కట్టెలకు వచ్చే వాళ్లు తగ్గారు. ఇక దానికి అడ్డేముంది?

ఫోనులోని పటంలో చుక్కల గీత మాత్రం ఠీవిగా కిందికి దిగుతూనే ఉంది. మేం ఆ గీత మీదే నిలబడి ఉన్నాం, చుట్టూ ముళ్లు. తమ్ముడు ముందు నడుస్తూ ఒక మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ రాయి పక్కకు ఒరిగింది. పాదం రెండు రాళ్ల మధ్య దిగి, పై ఒళ్లు ముందుకు తూలింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. చీలమండ చూస్తుండగానే ఉబ్బింది. వాడు ఏడవలేదు గానీ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

కేకలు వేశాం. కాసేపటికి కింది నుంచి మేకల గంటలు, వాటి వెనుక "ఎవరూ?" అన్న గొంతు. అలా వచ్చారు పెద్దాయన, తలపాగాతో, చేతిలో దోటితో. వెనకాల పద్నాలుగు పదిహేనేళ్ల మనవడు. పేరు రాయవద్దన్నారు, "పేరు రాస్తే అటవీ శాఖ వాళ్లు పిలిచి ఏదో ఒకటి అడుగుతారమ్మా" అని నవ్వారు. అందుకే పెద్దాయన అనే రాస్తున్నాను.

"దారి పోయింది బాబాయ్" అన్నాను నేను, పరిచయం లేకపోయినా నోటికి ఆ వరసే వచ్చింది.

"దారి ఎక్కడికీ పోలేదమ్మా. మీరు నిలబడి చూస్తున్నారు, కూర్చొని చూడండి."

కూర్చొని చూశాను. పైన ఆకు గుబురుగా ఉన్న పులికంప కింద, నేలకు మూరెడు ఎత్తు వరకు ఒట్టి కాడలే. ఆ కాడల నడుమ రాతిమెట్ల వరుస తిన్నగా కిందికి దిగుతోంది. మెట్ల మీద తాజా మేక పెంటికలు, గిట్టల రాపిడికి నున్నబడిన రాళ్లు. మేకలు పోయే ఎత్తులో దారి దారిలాగే ఉంది.

తమ్ముడి బూటు తాడు విప్పి, మడమను ఒక చేత్తో పట్టుకొని, రెండో చేతి వేలితో పైనుంచి కిందికి మెల్లగా నొక్కుతూ వచ్చారు పెద్దాయన. వాడు కెవ్వుమన్న చోట ఆపారు. లాగలేదు, తిప్పలేదు, నూనె రాస్తానని అనలేదు. రెండు పుల్లలను పిక్క నుంచి పాదం దాకా ఆనించి, తలపాగా విప్పి చుట్టారు. చుట్టాక "వేళ్లు కదుపు బాబూ" అన్నారు. బొటనవేలి గోరు నొక్కి వదిలి, మళ్లీ ఎర్రబడుతుందో లేదో చూశారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మేక కాలు విరిగితే కట్టేదీ ఇలాగే" అన్నారు. అంత నొప్పిలోనూ తమ్ముడికి నవ్వొచ్చింది. ఆ రాత్రి గుంటూరులో ఎముకల డాక్టరు ఆ కట్టు చూసి, విప్పేముందు "ఎవరు కట్టారు?" అని అడిగి, తన దగ్గర పనిచేసే కుర్రాళ్లను పిలిచి చూపించారు. పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. తలపాగా గుడ్డ తిరిగి ఇచ్చారా లేదా అన్నదే ఆయన ప్రశ్న. ఉతికి, ఇస్త్రీ చేయించి ఇచ్చాం.

ఇక సీతాఫలాల అక్కల గురించి. ఆ కొండల్లో సీతాఫలం అంతగా ఉండడానికీ కారణం మేకలేనట, దాని ఆకును కూడా అవి తినవు. సీజను చివరి కాయల కోసం వచ్చిన నలుగురు ఆడవాళ్లు మనవడి ఈల విని పై గట్టు నుంచి దిగారు. ఒక్కొక్కరి నెత్తిన గోనెసంచి, చేతిలో వెదురు దోటి. వాళ్లలో పొడగరి అక్క పరిస్థితి ఒక్కసారి చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా తన సంచి దించి, మూతి విప్పి, కాయలన్నీ బండ కింద కుమ్మరించేసింది. రెండో ఆమె కూడా అదే పని చేసింది. సంచుల అడుగు మూలలు కొడవలితో కోసి, రెండు దోటి కర్రల కొసలు ఊడదీసి ఆ రంధ్రాల్లోంచి దూర్చారు. చూస్తుండగానే డోలీ తయారు.

ఆ కాయలు వాళ్ల ఆ రోజు సంపాదన. తెల్లవారుజామున బయలుదేరి, కళ్లు విచ్చిన కాయను మాత్రమే ఏరి కోసినవి. "రేపటికి కోతులు ఒక్కటి ఉంచవు" అని ఒకామె అంది, అదీ తమాషాగానే.

దిగడం ఎంత కష్టమైందో వివరించను. మోసింది వాళ్లు, నేను కాదు. వంతులు మార్చుకుంటూ, మెట్టు మెట్టుకూ "నిదానం, నిదానం" అనుకుంటూ దించారు. మనవడు ముందు నడుస్తూ కర్రతో నేల తట్టాడు, రక్తపింజరి ఉంటే తప్పుకుంటుందని. మధ్యలో మా బ్యాంకు మిత్రుడికి దురదగొండి కాయ తగిలింది. ఆయన గోకబోతే పొడగరి అక్క చిన్నపిల్లాడిని కసిరినట్టు కసిరింది. గోకితే ఆ నూగు ఇంకా లోపలికి దిగుతుందట. పొడి మట్టి చల్లి కొంగుతో పైపైన దులిపి, ఊళ్లోకి వచ్చాక ముంజేతి నిండా పేడ పూసింది. ఆరి పెచ్చులుగా ఊడినప్పుడు సన్నటి బంగారు రంగు నూగు దానికి అంటుకొని వచ్చింది. నలభై ఏళ్లు ఏసీ గదిలో పనిచేసిన మనిషి చేతికి పేడతో అరుగు మీద బుద్ధిగా కూర్చోవడం ఆయన భార్యకు ఫొటో తీసి పంపాను. ఆ ఒక్క విషయంలో నా మీద ఇప్పటికీ కోపంగా ఉన్నారు.

108కి ఫోను చేయడం కూడా మనవడి పుణ్యమే. సిగ్నలు ఏ బండ మీద అందుతుందో వాడికి తెలుసు. 2022లో జిల్లాలు విడిపోయాక కొండకు ఒక వైపున్న యడ్లపాడు మండలం పల్నాడు జిల్లాలోకి వెళ్లింది, మరో వైపున్న ఫిరంగిపురం గుంటూరులోనే ఉంది. ఏ మండలం, ఏ ఊరు అని అవతలి వాళ్లు అడిగితే మేం నీళ్లు నమిలాం. వాడు ఫోను తీసుకొని, ఏ మలుపు దగ్గర ఏ చెట్టు కింద ఆగాలో వరుసగా చెప్పాడు. మేం దిగేసరికి అంబులెన్సు అక్కడే ఉంది. డోలీలోంచి స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు ఆ సిబ్బంది చూపిన ఓర్పుకు, దారి పొడవునా తమ్ముడితో కబుర్లు చెబుతూ వాడి ధ్యాస మళ్లించిన డ్రైవరుకు నమస్కారాలు. చీకట్లో టార్చి పట్టుకొని ఎదురొచ్చిన ఊరి కుర్రాళ్లకు, మంచినీళ్లతో పాటు బెల్లం ముక్క కూడా ఇచ్చిన ఇంటివాళ్లకు కూడా.

డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది "ఏమైనా ఇచ్చారా?" అని అడుగుతున్నారు. ఆ రాత్రి ఇవ్వబోతే నలుగురూ వెనక్కి జరిగారు. తరువాత మళ్లీ వెళ్లినప్పుడు పొడగరి అక్క తేల్చి చెప్పింది: "మోసినందుకు తీసుకోం. పారబోసిన కాయలకైతే ఇవ్వండి." సరేనన్నాను. రెండు సంచులకు లెక్క కట్టి, అందులో కొన్ని ఇంకా కన్ను విచ్చనివి ఉన్నాయని వాటిని తీసేసి, మిగిలినదానికే పుచ్చుకుంది. నేను ఇంకొంచెం కలపబోతే చేతిలోంచి తీసి నా సంచిలోనే పెట్టింది. వచ్చే సీజనులో వాళ్లు గుంటూరు వీధుల్లో గంపలు పెట్టుకొని కూర్చుంటారు. కొండవీటి కాయ అని ఎవరైనా చెబితే దయచేసి బేరం ఆడకండి.

ఫోను చేసి పరామర్శించిన బంధువుల్లో సగం మంది "శుభ్రమైన రోడ్డు ఉండగా ఆ ముళ్లలోకి ఎందుకు?" అన్నారు. రోడ్డు మీద నాకేమీ పేచీ లేదు, మా అమ్మ ఎనభై ఏళ్ల వయసులో కొండ పైదాకా వెళ్లగలిగింది ఆ రోడ్డు వల్లే. కానీ వందల ఏళ్లుగా జనం నడిచిన మెట్లు పొద కిందే ఉన్నాయి, రాళ్లు ఇంకా కదలలేదు, చాలావరకు. అవి మనవి కావా?

అది అటవీ శాఖ అధీనంలోని నేల. మనంతట మనం కత్తులు పట్టుకొని వెళ్లకూడదు. అందుకే మా నడక బృందం తరఫున అనుమతి కోరుతూ అర్జీ రాశాం. పులికంపను పైపైన నరికితే లాభం లేదు, వేరు మొదలు దగ్గర నేల లోపలికి తెంచి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి, అదీ పండ్లు పండకముందే. ఆ పనికి పెద్దాయనను, మనవడిని, ఆ అక్కలను కూలి ఇచ్చి పిలవాలని కూడా రాశాం. దారి ఎక్కడుందో వాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు కదా.

అర్జీ చదివి వినిపిస్తే పెద్దాయన ఒక సవరణ చెప్పారు. మూడో మలుపు దగ్గర మేకలు నీళ్లు తాగే చెలమ ఉంది, దాని మీద కమ్ముకున్న పొదను మాత్రం ముట్టుకోవద్దన్నారు, ఆ నీడ పోతే ఎండాకాలంలో నీళ్లు నిలవవట. ఆ మాట కూడా చేర్చి మళ్లీ టైపు చేయించాం.